రెండు రాజ్యాల మధ్య సంధి పిల్లలు ఎలా కుదర్చగలరు? నవల రాస్తున్న మాస్టారికి సమాధానం

మాస్టారూ, నమస్కారం. ఇది చదివే మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు నాలుగు మాటల్లో చెప్తాను. మీరు కందుకూరు దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్తారు. ఆరు, ఏడు తరగతుల పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల రాస్తున్నారు. కొండల్లో ఒక రాజ్యం, సముద్రం ఒడ్డున ఇంకో రాజ్యం, మూడు తరాలుగా వాటి మధ్య యుద్ధం. ముగ్గురు పిల్లలు ఆ యుద్ధం ఆపాలని ఇళ్లు వదిలి బయల్దేరతారు. అడవి, వేగులవాళ్లు, మాట్లాడే నక్క, అన్నీ బాగా కుదిరాయి. చివర్లో వాళ్లకు ఒక మంత్రమణి దొరుకుతుంది. దాని వెలుగు మొహాన పడగానే రాజులిద్దరూ కత్తులు పారేసి కౌగిలించుకుంటారు. క్లాసులో చదివి వినిపిస్తే ఒక పిల్లవాడు "అంతేనా సార్?" అన్నాడు. లోపం ఎక్కడుందో చెప్పమన్నారు.

పిల్లల రాతప్రతులు చదివి దిద్దే పనిలో చాలాకాలంగా ఉన్నాను. మీరు పంపిన అధ్యాయాలు రెండుసార్లు చదివాను. లోపం ఆఖరి అధ్యాయంలో లేదు, మొదటి అధ్యాయంలోనే ఉంది. ఈ రెండు రాజ్యాలు ఎందుకు కొట్టుకుంటున్నాయో మీరు ఎక్కడా చెప్పలేదు. "పూర్వకాలపు పగ" అని ఒక్క వాక్యంతో దాటేశారు. కారణమే లేని యుద్ధాన్ని ఆపాలంటే మంత్రం తప్ప వేరే దారి ఉండదు. అందుకే మణి వచ్చి పడింది. సంధి అంటే షరతులు. ఎవరు ఏం ఇస్తారు, ఎవరు ఏం వదులుకుంటారు, మాట తప్పితే ఏమవుతుంది. ఆ షరతులు పుట్టాలంటే ముందు తగువు పుట్టాలి.

తగువు కోసం మీరు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. కాటమరాజు కథ మీ పిల్లల తాతలకు తెలిసే ఉంటుంది, కొమ్ములవాళ్లు రాత్రంతా పాడుతుంటే విన్నవాళ్లు ఆ పల్లెల్లో ఇంకా ఉన్నారు. పదమూడో శతాబ్దం నాటి గొడవ అది. ఒకవైపు వేలకొద్దీ ఆవుల్ని తోలుకొచ్చిన కాటమరాజు, ఇంకోవైపు నెల్లూరు నేలే సిద్ధిరాజు. వానల్లేక మేత కరువై మందలు ఇటు దిగాయి. గడ్డి రాజుది, ఆవులు గొల్లలవి. మేపుకున్నందుకు పుల్లరి కట్టాలి. పుల్లరి కింద పుట్టిన కోడెదూడల్ని ఇచ్చేటట్టు కౌలు రాసుకున్నారు. కొన్నాళ్లు బాగానే జరిగింది. తర్వాత, పాడేవాళ్లు చెప్పే ఒక వరసలో, రాజుకి ఇష్టమైన ఆమె పెంచుకునే చిలక మందను బెదరగొట్టిందని గొల్లలు దాన్ని చంపేస్తారు. ఆమె పగబట్టి ఆవుల్ని చంపిస్తుంది. ఆవులు పోయాక పుల్లరి ఏంది, కట్టనంటాడు కాటమరాజు. కట్టకపోతే ఊరుకోనంటాడు సిద్ధిరాజు. పాలేటి ఒడ్డున రెండు దండ్లూ ఎదురుపడతాయి. తగ్గినవాళ్లు లేరు, మిగిలినవాళ్లూ పెద్దగా లేరు.

దీన్ని మీరు పిల్లలకు కథగా చెప్పి, తప్పెవరిదని అడిగి చూడండి. క్లాసు రెండుగా చీలిపోతుంది. గడ్డి మేశాక బాకీ కట్టాల్సిందే కదా అని కొందరు. ఆవుల్ని చంపినవాడికి బాకీ ఎందుకు కట్టాలని ఇంకొందరు. పదకొండేళ్ల పిల్లలకు న్యాయం మీద ఉన్నంత పట్టింపు ఇంకే వయసులోనూ ఉండదు. తోటివాడికి రెండు చిక్కీలు ఎక్కువొస్తే సాయంత్రం దాకా గుర్తుపెట్టుకుంటారు. రెండువైపులా న్యాయం ఉన్న తగువు దొరికితే వాళ్లు పుస్తకం వదలరు. మీ ఇప్పటి రాతప్రతిలో ఒక రాజు మూర్ఖుడు, ఇంకో రాజు కోపిష్టి. కాబట్టి వాళ్లకు తేల్చుకోవాల్సింది ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు మీ రెండు రాజ్యాల సంగతి. కొండ అన్నారు, సముద్రం అన్నారు, మంచి పునాది వేసుకున్నారు. కానీ ఆ కొండ మీద ఏం పండుతుందో, ఆ తీరాన జనం ఏం చేసి బతుకుతారో కథలో లేదు. ఒక్క వేసవి సెలవుల్లో ఇసకపల్లి గానీ చినగంజాం గానీ వెళ్లి ఉప్పు మళ్లు చూసి రండి. సముద్రపు నీళ్లు మళ్లలో నిలబెట్టి, ఎండకు గడ్డకట్టించి, కొయ్యపలకతో లాగి గట్టున కుప్ప పోస్తారు. ఎండ ఎంత మండితే అంత పంట. కాళ్ల పగుళ్లలో ఉప్పు దిగి ఆ మనుషులు నడిచే నడకే వేరుగా ఉంటుంది, అది దగ్గరగా చూడండి. అంత కష్టపడి పోసిన కుప్ప మీద వేసవిలో ఒక్క గట్టి వాన పడితే చాలు, నెలల శ్రమ కరిగి కాలవలో కలుస్తుంది.

అదే వేసవిలో కొండ దిగువన ఉదయగిరి, వింజమూరు వైపు గొర్రెలు, ఆవులు తోలుకునేవాళ్లు ఆ వాన కోసమే ఆకాశం వంక చూస్తుంటారు. ఒక్క వాన పడితే నాలుగు పచ్చిపరకలు మొలుస్తాయి, మంద బతుకుతుంది.

మీ ఫాంటసీ అంతా ఇక్కడ ఉంది మాస్టారూ. కొండ రాజ్యానికి వానను పిలిచే విద్య ఉందనుకోండి. వాళ్లు వేసవిలో డప్పు కొట్టి మబ్బును పిలిచిన ప్రతిసారీ తీర రాజ్యంలో ఉప్పు కరిగిపోతుంది. తీరం వాళ్లు కసిగా కొండకు ఉప్పు బండ్లు ఆపేస్తారు. ఉప్పు లేక కొండ మీద పచ్చడి నిలవ ఉండదు, పశువులు నీరసపడతాయి. యుద్ధం మొదలవడానికి ఇది చాలు, ఇందులో చెడ్డవాడు ఒక్కడూ అక్కర్లేదు. పైగా మీ కథలో మహిమ పనేమిటో కూడా తేలిపోతుంది. ఇప్పుడు అది చివర్లో వచ్చి తగువు తీరుస్తోంది. దాన్ని మొదట్లో తగువు పెట్టే చోటికి మార్చండి, మిగతా నవలంతా తిన్నగా నడుస్తుంది.

మరి పిల్లలు ఏం చేస్తారు? ఇది మీరు అడగని ప్రశ్నే గానీ అసలైనది ఇదే. పెద్దలు మూడు తరాలుగా చేయలేనిది పిల్లలు చేశారంటే, పెద్దలకు తెలియనిదేదో వాళ్లకు తెలిసుండాలి, పెద్దలు వెళ్లలేని చోటుకి వాళ్లు వెళ్లగలిగుండాలి. ధైర్యం ఒక్కటే చాలదు, ధైర్యం సైనికులకూ ఉంది. మీ కొండ పిల్లవాడు వాన డప్పు కొట్టేవాడి కొడుకు అయితే, డప్పు ఎప్పుడు కొడితే వాన ఎటు పోతుందో వాడికి చేతిలోనే తెలుస్తుంది. తీరం పిల్ల ఉప్పు మళ్లలో పుట్టింది, గాలి వాసన పట్టి రేపు ఎండో మబ్బో చెప్పేస్తుంది. ఇద్దరూ పొలిమేర మీద కలుసుకుని, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకున్నప్పుడు మొదటిసారి ఒక లెక్క బయటపడుతుంది: ఉప్పు పంట కాలం కొన్ని నెలలే, ఆ నెలల్లో మాత్రం డప్పు మోగకపోతే చాలు. ఇది ఏ మంత్రికీ తట్టలేదు, ఎందుకంటే ఏ మంత్రీ ఉప్పు మడిలో దిగలేదు.

అయితే సంధి అంత సులువుగా ఇవ్వకండి. శివరాత్రి నుంచి మృగశిర కార్తె దాకా వాన పిలవకూడదంటే, రోహిణి ఎండల్లో కొండ మీద మందలు ఏం తిని బతకాలి? దానికి తీరం వైపు నుంచి ఏదో రావాలి. నెల్లూరు మాగాణిలో మాఘ ఫాల్గుణాల్లో కోత అయిపోతుంది, మళ్లు ఖాళీగా కొయ్యకాళ్లతో ఉంటాయి. అందులో కొండ మందల్ని పుల్లరి లేకుండా మేపుకోనిస్తారు, ఆ పేడ వాళ్ల పొలానికి ఎరువవుతుంది. కానీ మూడు తరాలు తమవాళ్లను చంపినవాళ్లు తమ పొలాల్లో గుడారాలేసుకుని పడుకుంటారంటే తీరం రైతు ఒప్పుకుంటాడా? మీ ఇరవయ్యో అధ్యాయం ఇదే. అక్కడ ఒక రైతు లేచి, నా కొడుకుని చంపినవాడు ఈ మందలో ఉంటే నేను వాడికి నీళ్లివ్వాలా అని అడగాలి. ఆ ప్రశ్నకు మీ పిల్లల దగ్గర జవాబు ఉండకూడదు. వాళ్లు తలొంచుకుని నిలబడాలి. సంధి కుదరడానికి ఆ మనిషి ఒప్పుకోవాలి, అది కూడా ఏ వాదనకూ లొంగి కాకుండా, తనంతట తానే నిదానంగా.

ఇళ్లలో ఏం జరుగుతుందో రాయమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇదే కాటమరాజుతో పోరులో నెల్లూరు సేనకు ముందుండి నడిచినవాడు ఖడ్గతిక్కన. కవి తిక్కనకు పెదనాన్న కొడుకు. దండు చెదిరిపోయి ఇంటికొస్తే భార్య స్నానానికి నీళ్లు పెట్టి, మంచం అడ్డంగా నిలబెట్టి, పక్కన పసుపుముద్ద పెట్టిందట. ఆడవాళ్లు స్నానం చేసే చోటులాగా. భోజనానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసిందట. మారుమాట లేకుండా లేచి మళ్లీ యుద్ధానికి వెళ్లి చనిపోయాడు. మనం ఈ కథను వీరగాథగా చెప్పుకుంటాం, ఆ పౌరుషానికి చేతులెత్తి మొక్కుతాం. అది అలాగే ఉండనివ్వండి. కానీ పిల్లల నవల రాసేవాడు ఆ వంటింట్లో ఇంకొకరిని కూడా చూడాలి. ఆ పసుపుగిన్నె ఎవరు తెచ్చిచ్చారు? పదకొండేళ్ల కూతురో మేనకోడలో అయుంటే? నాన్న తిరిగొచ్చాడని వీధిలోకి పరిగెత్తిన పిల్ల, గంట తిరక్కముందే ఆయన మళ్లీ గడప దాటి పోవడం చూస్తే ఆ పిల్ల ఏం అనుకుంటుంది? ఎవర్ని తప్పు పట్టగలదు? యుద్ధం రాజుల కోపం వల్ల మాత్రమే నడవదు, ఇంట్లో అన్నం పెట్టేవాళ్ల మాటతో కూడా నడుస్తుంది. మీ ముగ్గురిలో ఒకరిని ఇలాంటి ఇంట్లో పుట్టించండి. సంధి కోసం బయల్దేరడానికి ఆ పిల్లకు వేరే కారణం చెప్పక్కర్లేదు.

మూడో పాత్ర మీ రాకుమారి. ఇప్పటికైతే ఆమె గుర్రమెక్కి కత్తి తిప్పడం తప్ప ఏమీ చేయట్లేదు. ఆమె కోసం ఉదయగిరి చూడండి. కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో ఆ దుర్గం గజపతుల నుంచి తీసుకున్నాడు. ఆ తర్వాత కొండవీడు, ఇంకా ఉత్తరానికి. చివరకు సంధి జరిగింది. గెలిచిన రాయలు కృష్ణానదికి ఉత్తరాన గెలుచుకున్న నేలను గజపతికి తిరిగి ఇచ్చేశాడు, గజపతి తన కూతుర్ని రాయలకిచ్చి పెళ్లి చేశాడు. గెలిచినవాడు నేల వదులుకున్నాడన్నది పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన విషయం, వాళ్లు నోరెళ్లబెడతారు. కానీ ఆ అమ్మాయి? ఆమె దూరంగా కంభంలో ఉండిపోయిందనీ, గుండ్లకమ్మ మీద ఆ పెద్ద చెరువు ఆమె పేరున కట్టిందేననీ జనం చెప్పుకుంటారు. ఇద్దరు రాజులు తలో కొంత తగ్గితే, ఆ తగ్గుబాటుకు వెల ఒక ఆడపిల్ల కట్టింది.

మీ రాకుమారికి పన్నెండేళ్లు. పెద్దలు గుట్టుగా రాసుకుంటున్న సంధిపత్రంలో తన పేరే ఒక షరతుగా ఉందని ఆమెకు తెలియాలి. ఆమెకు చదవడం వచ్చు, దాన్ని వాడండి. దీపం దగ్గర ఆ పత్రం చదివి తన పేరు దగ్గర ఆగిపోయే సన్నివేశం మీరు రాయగలరు, మీ నాలుగో అధ్యాయం చూశాకే ఇది అంటున్నాను. ఆ క్షణం నుంచి ఆమె ముందు రెండు దారులు: ఈ సంధిని పాడుచేయడం, లేదా ఇంతకంటే మంచి సంధి తయారుచేసి పెద్దల ముందు పెట్టడం. ఆ మిగతా ఇద్దరు పిల్లల దగ్గర ఉన్న వాన లెక్క ఆమెకు అందేది అప్పుడే. ముగ్గురూ కలవడానికి ఇప్పుడున్నట్టు జాతరలో ఢీకొట్టుకోవడం కంటే ఇది చాలా బలంగా ఉంటుంది.

మణి మీకు ఇష్టమని ఉత్తరంలో రాశారు. ఉంచుకోండి, కానీ దాని పని మార్చండి. మహిమ సాక్ష్యం చెప్పొచ్చు, అడ్డుపడొచ్చు, వెల అడగొచ్చు. మనసులు మార్చే పని మాత్రం దానికి అప్పజెప్పకండి. మోటుపల్లి రేవులో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల్లో సరుకంతా లాక్కునేవాళ్లు. ఇకమీదట అలా లాక్కోం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని రాతిమీద చెక్కించాడు. వ్యాపారులు ఆ రేవుకు ధైర్యంగా రావడానికి ఆ మాట కావాలి. మీ మణి అలాంటి రాతిలో పొదిగి ఉందనుకోండి. దానిమీద చెయ్యివేసి ఇచ్చిన మాట తప్పితే ఆ మణి ఆ మనిషి గొంతుతోనే ఆ మాటను అందరికీ వినిపిస్తుంది. అప్పుడు రాజులు దాన్ని చూసి భయపడతారు, చెయ్యి వేయడానికి వెనకాడతారు. కథకు ఇంకో ముడి దొరుకుతుంది.

సంధి జరిగాక అది నిలబడటానికి ఏదో ఆచారం కావాలి, పిల్లలకు అలాంటివి చాలా ఇష్టం. రొట్టెల పండగకు మీ ఊళ్లోంచి కూడా జనం వెళ్తుంటారు. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో, యుద్ధంలో చనిపోయిన పన్నెండుమంది సమాధుల పక్కన, తలమీద కొంగు కప్పుకుని నీళ్లలో నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్లతో రొట్టె మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి ఆ రొట్టె ఇంకొకరికి ఇస్తారు. ఉన్నదున్నట్టు తీసుకుని మీ నవలలో పెట్టొద్దు, అది జనం నమ్మకం. దాని తీరు మాత్రం గమనించండి: యుద్ధం జ్ఞాపకం ఉన్న చోటే ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతోంది, పుచ్చుకున్నవాళ్లు మళ్లీ రావాల్సిందే. పులికాట్ మత్స్యకారుల్లో పాడు అనే కట్టుబాటు కూడా అడిగి తెలుసుకోండి. సరస్సులో మంచి వేట తావులు కొన్నే కాబట్టి చీట్లు వేసుకుని వంతులవారీగా వలలు వేస్తారు. ఈ రెండూ చూస్తే మీ కొండ, తీరం వాళ్లు ఏటేటా ఎక్కడ, ఎలా కలవాలో మీకే తడుతుంది.

చిన్న విషయాలు కొన్ని గబగబా చెప్తాను. పేర్లు మార్చండి. విక్రాంతవర్మ, అనంగసేన అంటే పిల్లలకు ఎవరెవరో గుర్తుండరు. పెంచలయ్య, మాలకొండయ్య, చెంచమ్మ లాంటి పేర్లు మీ హాజరుపట్టీలోనే ఉంటాయి, వాటిని కాస్త వంచితే ఫాంటసీ పేర్లు అవుతాయి. కొండ పిల్లవాడు "యాడికి" అననివ్వండి, అంతఃపురంలో పెరిగిన పిల్ల "ఎక్కడికి" అంటుంది, మీరు చెప్పకుండానే తేడా తెలుస్తుంది. యుద్ధభూమిలో శవాల లెక్కలు తీసేయండి. ఈ వయసువాళ్లకు వెయ్యిమంది చచ్చారంటే ఏమీ అనిపించదు, ఒక దూడ చనిపోతే రెండ్రోజులు అన్నం తినరు. ఒక్క మరణం పెట్టండి, దానికి తగినంత చోటివ్వండి. నక్క బాగుంది, ముట్టుకోకండి. "శాంతి" అనే మాట మీ రాతప్రతిలో ప్రతి అధ్యాయంలోనూ ఉంది, పాత్రల నోట దాన్ని పూర్తిగా తీసేసి చూడండి. ఉప్పు, వాన, మేత, దూడలు, రాకుమారి పేరు, వీటి గురించి మాట్లాడుకుంటే చాలు.

రాయబారం అధ్యాయం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇప్పుడు మీ పిల్లలు నేరుగా సభలోకి వెళ్లి పెద్ద ఉపన్యాసం ఇస్తున్నారు. రాజులు పిల్లల మాట వింటారా? ముందు వినరు, నవ్వుతారు, తరిమేస్తారు. నెల్లూరు రాజు మనుమసిద్ధికి రాజ్యం పోయినప్పుడు తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చాడని చెప్పుకుంటాం. అంతటి మహాకవి కూడా వెళ్లగానే పని అడిగేయలేదని, ముందు సభలో తన పాండిత్యంతో మన్నన సంపాదించుకున్నాడని కథ. మీ పిల్లలకు సభలో మన్నన ఎలా వస్తుంది? తీరం పిల్ల రేపు మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది, మీ పడవలు బయటికి పంపొద్దు అని కావలివాడికి చెప్పి, అది నిజమైతే? మొదట కావలివాడు నమ్ముతాడు, తర్వాత వాడి పెద్ద, ఆ తర్వాత సేనాని. మెట్టు మెట్టుగా లోపలికి రావాలి. సభలోకి వచ్చాక కూడా తక్కువ మాట్లాడాలి, పత్రం ముందు పెట్టి లెక్క చూపించాలి. ఎదుటి రాజు ఒక షరతు కొట్టేస్తాడు. కొట్టేయనివ్వండి. పిల్లలు కూడా ఏదో వదులుకోవాలి. బహుశా కొండ పిల్లవాడి తండ్రి ఇక వేసవిలో డప్పు కొట్టకూడదు, అంటే ఆ ఇంటికి ఆ నాలుగు నెలలూ గౌరవం లేదు, గింజలు రావు. ఆ షరతును తన నోటితో చదవాల్సింది ఆ పిల్లవాడే అయితే బాగుంటుంది.

పని వరస అడిగారు. ఆఖరి అధ్యాయం జోలికి ఇప్పుడే పోవద్దు. మాట్లాడే నక్క, అడవి ప్రయాణం అలాగే ఉంటాయి, వాటిలో మార్చాల్సింది తక్కువ. ముందు రెండు రాజ్యాల మధ్య పాత కౌలు ఒక పేజీ రాయండి, పాతకాలపు భాషలో, తేదీ సాక్షులతో సహా. దాన్ని ఎవరు ఎప్పుడు తప్పారో కింద రాసుకోండి, రెండువైపులా కనీసం ఒక్కొక్క తప్పు ఉండాలి. తర్వాత కొత్త కౌలు ఇంకో పేజీ. రాకుమారి పేరు పాత ముసాయిదాలో ఏ షరతులో ఉందో, కొత్తదాంట్లో ఆ చోట ఏం వచ్చిందో తేల్చుకోండి. ఈ రెండు పేజీలూ నవలలో అచ్చు కాకపోయినా పర్వాలేదు, మీ దగ్గర మాత్రం ఉండాలి. అవి రాశాక నాకు పంపండి, అధ్యాయాల సంగతి అప్పుడు కూర్చుని చూద్దాం.